నీలం పట్టీ చెట్లు

మొగలిగరువు ఫుట్‌బాల్ క్లబ్బు కొండబాబు నోరు జారడం వల్ల పుట్టింది. పదకొండేళ్ల కిందట అమలాపురంలో జరిగిన పోటీల్లో ఊరి జట్టు అరువు చొక్కాలతో ఆడి కప్పు పట్టుకొచ్చింది. ఆ ఊరేగింపులో కొండబాబుకి పూనకం వచ్చినంత పనైంది. ట్రాక్టరు ఎక్కి నిలబడి, "నా కొబ్బరిచెట్టొకటి జట్టుకిచ్చేస్తన్నాను! దాని కాయ ప్రతిదీ జట్టుదే!" అని అరిచాడు. ఆయన ఒకటంటే పక్కింటాయన రెండన్నాడు, ఎదురింటాయన మూడన్నాడు. మొగలిగరువు రైతులు పొలం గట్టు తగాదాలో అయినా రాజీ పడతారు గానీ పదిమందిలో తగ్గమంటే తగ్గరు. వారం తిరిగేసరికి నూట నలభై చెట్ల మొదళ్లకి నీలం రంగు పట్టీలు పడ్డాయి. అందులో ముప్పై ఒకటి కొండబాబువే. ముందు అరిచినవాడు వెనకబడితే మీసం ఏం కావాలి?

అలా ఆ క్లబ్బుకి యజమాని అంటూ ఒకడు లేకుండా పోయాడు. చెట్టిచ్చిన ప్రతివాడూ యజమానే. చెట్టుకో ఓటు. కోచ్ ఎవరు, చొక్కా రంగేమిటి, బంతులెన్ని కొనాలి, అన్నీ చెట్ల ఓట్లతోనే తేలేవి. ముప్పై ఒక్క ఓట్లున్న కొండబాబు అధ్యక్షుడయ్యాడు.

నలభై అయిదు రోజులకోసారి దింపు. నీలం పట్టీ ఉన్న చెట్లన్నీ ఎక్కి కాయ దింపేది సాలమోను, ఇంకో అయిదుగురు. సాలమోను కుర్రతనంలో కాకినాడ పోర్టులో కూలికెళ్లి, అక్కడ ఫుట్‌బాల్ నేర్చుకుని, ఆ పిచ్చి మూటగట్టుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషి. జట్టుని తయారుచేసింది ఆయనే. ఊళ్లో మిగతా చెట్లెక్కితే కూలి తీసుకునేవాడు. క్లబ్బు చెట్టెక్కితే మాత్రం పైసా ముట్టేవాడు కాదు. తక్కిన అయిదుగురూ అంతే. ఆయనకున్నది రెండు సెంట్ల ఇంటిస్థలం. అందులో కొబ్బరిచెట్టు లేదు. కాబట్టి ఓటూ లేదు.

ఆయన కూతురు మెర్సీ అమలాపురంలో ఒక బ్యాంకులో క్లర్కు. ఆరేళ్ల కిందట క్లబ్బు డబ్బు వ్యవహారం గందరగోళమైనప్పుడు, "బ్యాంకులో చేసే పిల్ల, రూపాయి తేడా రానివ్వదు" అని అందరూ కలిసి ఆమెను ట్రెజరర్‌ని చేశారు. ఆమెకీ చెట్టు లేదు. ప్రతి మీటింగులో ఎవరి చెయ్యి లేచింది, ఆ చేతికి ఎన్ని చెట్లు అని గుణించి కూడి చెప్పడం ఆమె పని. ఆరేళ్లలో వేల ఓట్లు లెక్కపెట్టింది. తను ఒక్కటీ వేయలేదు.

మెర్సీకి క్లబ్బు మీద మోజు లేదని ఊరంతా అనుకునేది. ఆమే అలా అనుకోనిచ్చింది. "ఏటా నష్టం, నాన్నా. ఇంత ఖర్చుకి ఇది ఆట కాదు, జబ్బు" అని మొహం మీదే అనేది. బంతి చిరిగితే కుట్టించమనేది గానీ కొత్తది కొననిచ్చేది కాదు. ఆటగాళ్లు ఆమె వెనకాల ఆమెను పిసినారి అత్తయ్య అనేవారు. అది ఆమె చెవిన పడింది, ఆమె పట్టించుకోలేదు. కాని ఒక్క మ్యాచ్ కూడా చూడకుండా వదల్లేదు. లెక్కలు దగ్గరుండి రాసుకోవాలి కదా అని సాకు చెప్పేది. గోలు పడ్డప్పుడు పుస్తకంలో గీత అడ్డదిడ్డంగా పోతుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. క్లబ్బు జిల్లా పోటీల్లో గెలిచి, మొదటిసారి పెద్ద లీగులో ఆడే అవకాశం సంపాదించింది. విశాఖపట్నం, విజయవాడ, ఏలూరు, అన్నిచోట్లా ఏడు మ్యాచ్‌లు. ఖర్చు లక్ష రూపాయల పైమాట. అదే సమయంలో ఆరు రూపాయలు పలికే కొబ్బరికాయ ఇరవై రెండయి కూర్చుంది. బ్యాంకులో భోజనాల వేళ మెర్సీ లెక్క వేసుకుంది. నూట నలభై చెట్లు, చెట్టుకి ఏడాదికి తొంభై కాయలు. రెండు లక్షల డెబ్బై ఏడు వేలు! ఆరేళ్లలో మొదటిసారి ఆ అంకె చూసి ఆమెకు నవ్వొచ్చింది. అన్నం కలుపుకుంటూ ఒక్కతే నవ్వుతుంటే పక్క సీటు ఆవిడ వింతగా చూసింది.

అదే లెక్క ఊళ్లో మిగతావాళ్లూ వేసుకుంటారని ఆమెకు తట్టలేదు.

ఆదివారం, చర్చి అయ్యి భోజనాలు ముగిశాక మూడింటికి మీటింగు పెట్టారు, కొండబాబు కొబ్బరికాయల షెడ్డులో. చెట్లున్నవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. దింపువాళ్లు గుమ్మం బయట అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ కూర్చోమనలేదు, వద్దనలేదు. అలవాటైపోయింది.

కొండబాబు గొంతు సవరించుకున్నాడు. "ఆటంటే నాకు ప్రాణమని మీ అందరికీ తెలుసండి. ఈ క్లబ్బు మొదలెట్టిందే నేను. కానీ రోజులు మారేయండి. ఎరువులు చూస్తే అలా ఉన్నాయి, పిల్లల చదువులు చూస్తే ఇలా ఉన్నాయి. చెట్టు కాయ మొత్తం క్లబ్బుకే పోతే మనింట్లో పచ్చట్లోకి కొబ్బరి కొనుక్కోవలసొస్తంది. అందుకని ఎవరి చెట్లు వాళ్లు వెనక్కి తీసేసుకుని, ఇష్టమున్నవాళ్లు ఇష్టమైనంత చందా ఇద్దామండి. ఏమంటారు?"

"ఆయ్, బాగుందండి" అన్నారు నలుగురైదుగురు, ముందే అనుకుని వచ్చినట్టు.

మెర్సీకి ఒళ్లు మండిపోయింది. ఈ పెద్దమనుషుల ప్రేమ కాయ ఆరు రూపాయలున్నంతకాలం బ్రహ్మాండంగా నడిచింది. ఇరవై రెండయ్యేసరికి దానికి ఎరువులూ చదువులూ అడ్డొచ్చాయి. పోనీ ఆ మాటేదో సూటిగా అన్నా బాగుండేది. ఆటంటే ప్రాణమని కళ్లు తుడుచుకోవడం దేనికి?

"చందాలతో లీగు ఆడలేమండి" అంది మెర్సీ.

"ఆడకపోతే ఏం పోయిందమ్మా? ఊళ్లో ఆడుకుంటారు" అన్నాడు కొండబాబు. "ఏటా నష్టం, నష్టమని నువ్వే గదా అనేదానివి?"

షెడ్డంతా నవ్వింది. మెర్సీ పుస్తకంలో పేజీ తిప్పింది. ఆ మాట తనదే మరి.

ఒక్క మహాలక్ష్మమ్మ లేచింది. డెబ్బై ఏళ్ల మనిషి, క్లబ్బుకి ఒకే ఒక్క చెట్టిచ్చింది. "నేను మాత్రం నా చెట్టు తీసుకోనండి. ఇచ్చినదాన్ని మళ్లీ అడగడానికి నాకు నోరు రాదు" అంది. ఆమెతో పాటు ఇంకో ఎనిమిది ఇళ్లవాళ్లు చేతులెత్తారు. మెర్సీ గుణించి కూడింది. తీసేసుకోవాలన్నవి నూట పన్నెండు చెట్లు. వద్దన్నవి ఇరవై ఎనిమిది. తీర్మానం నెగ్గిందని ఆమే చదివి వినిపించాలి. వినిపించింది.

అరుగు మీద దింపువాళ్లు తలలు దించుకున్నారు. గోల్‌కీపర్ మధుబాబు, అతనూ దింపు మనిషే, ఇసకలో వేలితో గీతలు గీస్తున్నాడు. సాలమోను లేచి నిలబడ్డాడు. ఏమన్నా అంటాడేమోనని అందరూ అటు తిరిగారు.

"ఫర్లేదండి" అన్నాడు సాలమోను. "చెట్లు మీవి, మీ ఇష్టమండి. ఎల్లుండి దింపు ఉంది కదండీ, మేం మామూలుగానే వచ్చేస్తామండి."

"అదీ మంచితనమంటే!" అన్నాడు కొండబాబు, హాయిగా ఊపిరి పీల్చుకుని. "వచ్చేయి సాలమోనూ. కాయ మా కళ్లంలో పోసేయండి."

మెర్సీ పుస్తకం మూయబోతూ ఆగింది. మామూలుగానే? అంటే ఊరికేనే? ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన నిజంగానే అంటున్నాడు. కొండబాబు వైపు చూసింది. ఆయనకీ తేడా తెలియలేదు. పదకొండేళ్లుగా నీలం పట్టీ చెట్టుకి దింపు కూలి ఇవ్వాలన్న సంగతి ఈ షెడ్డులో ఒక్కరికీ గుర్తు లేదు. కొబ్బరికాయలు వాటంతటవే కిందికి దిగివస్తాయన్నట్టు లెక్కలు వేసుకున్నారు అందరూ. తను కూడా.

"కొండబాబు గారండీ" అంది, లేచి. "చెట్టుకి అరవై."

"అరవయ్యేవిటమ్మా?"

"దింపు కూలండి. క్లబ్బు చెట్టు గనక ఇన్నాళ్లూ ఊరికే ఎక్కేరు. ఇప్పుడు సొంత చెట్లు గదండీ. నూట పన్నెండు చెట్లు, చెట్టుకి అరవై."

"మెర్సీ, ఊరుకోమ్మా" అన్నాడు సాలమోను బయటినుంచి.

"ఊరుకోను నాన్నా."

కొండబాబు తెల్లమొహం వేశాడు. ఈ ఖర్చు ఆయన లెక్కలో లేదు. పక్కాయన చెవిలో ఏదో గొణిగాడు. "అదేంటమ్మా, మనలో మనం..." అని నీళ్లు నమిలాడు.

"మనలో మనమని చెట్లు ఉంచేసుండాల్సిందండి" అంది మెర్సీ. "ఇవ్వలేమంటే చెప్పండి, అలాగే రాస్తాను. కూలి ఇవ్వడానికి అధ్యక్షులవారు ఇష్టపడలేదని."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. "ఎవరే ఇవ్వలేనివాళ్లు?" కొండబాబు కుర్చీలోంచి లేచాడు. "మేం కూలి ఎగ్గొట్టే మనుషులమా? రాయి! అరవై! రాసుకో!"

మెర్సీ రాసుకుంది. రాసి, చదివి, సంతకం పెట్టించింది.

ఇంటికి వెళ్లేసరికి సాలమోను మొహం గంటుపెట్టుకుని ఉన్నాడు. భార్య సుందరి టీ ఇస్తే ముట్టుకోలేదు. చొక్కా విప్పి చాప మీద కూర్చున్నాడు. చెట్టు మానుకి రాసుకుని రాసుకుని ఛాతీ మీద చర్మం గట్టిపడిపోయి ఉంది.

"పదిమందిలో నా పరువు తీసేవు" అన్నాడు.

"పరువు తీసింది వాళ్లు నాన్నా."

"పదకొండేళ్లు నేను కూలికెక్కలేదే! ఆట కోసం ఎక్కేను. ఆ చెట్టు మీంచి చూస్తే మన గ్రౌండు కనపడేది. అదే నాకు కూలి. ఇప్పుడు నువ్వు దానికి రేటు కట్టేవు. అరవై అన్నాక, ఎక్కిందంతా బాకీ అయిపోయింది. నేనేదో ఊరికి అప్పిచ్చినట్టయిపోయింది. నాకది వద్దు."

ఆయన కోపంలో ఉన్న బాధ మెర్సీకి తెలుసు. తండ్రి ఆస్తి అంటూ ఉంటే అదొక్కటే, అడక్కుండా ఇచ్చిన ఆ కష్టం. దాని మీద ఆమె ధర చీటీ అంటించింది.

"ఆ పదకొండేళ్లకి నేను రేటు కట్టలేదు నాన్నా" అంది. "కట్టలేను. అది నీది, అలాగే ఉంచుకో. నేను కట్టింది ఎల్లుండి నుంచి. నువ్వు ఎలాగూ ఊరికే ఎక్కుతానన్నావు. సరే, నీకొద్దు. నీకు ఇవ్వనూ ఇవ్వను. అది క్లబ్బుకి వస్తంది. ఇన్నాళ్లూ వాళ్ల కాయ మీద ఆడేం. ఇప్పుడు మీ ఎక్కుడు మీద ఆడదాం. మీరు చేసే పని అదే, మీ చేతికొచ్చే డబ్బూ అంతే, సున్నా. కాని క్లబ్బు ఉంటంది."

సాలమోను టీ గ్లాసు అందుకున్నాడు. చల్లారిపోయింది. అలాగే తాగేశాడు.

"మధుబాబు వాళ్లు ఒప్పుకోవద్దూ?" అన్నాడు చివరికి.

"వాళ్లని అడిగే వచ్చేను. మధుబాబు అరవై కాదు డెబ్బై అనాల్సిందంటన్నాడు."

సుందరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కొండబాబు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. మాట ఇచ్చాడు గానీ, మనసులో మండుతూనే ఉంది. దింపు రోజు తెల్లారేసరికి ఐ.పోలవరం నుంచి ఇద్దరు మనుషుల్ని బండి మీద రప్పించాడు. వాళ్లు రాగానే చెట్టుకి ఎనభై అన్నారు, బండికి పెట్రోలు అన్నారు, టిఫినన్నారు. ఇడ్లీలు తింటూ వాళ్లలో పెద్దాయన చెట్ల మొదళ్ల మీద నీలం పట్టీలు చూశాడు.

"ఇవి సాలమోను గారి క్లబ్బు చెట్లు కదండీ?" అన్నాడు.

"ఇప్పుడు కాదు" అన్నాడు కొండబాబు.

"ఏమోనండి. పట్టీ ఉంది గదండీ. పోయినేడు మా జట్టు మీద మూడు గోల్స్ కొట్టింది వీళ్లే. అలా ఆడినోళ్ల చెట్టు మీద మేం చెయ్యెయ్యలేమండి." ఇడ్లీ మాత్రం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, బండెక్కి వెళ్లిపోయారు.

పది గంటలకి సాలమోను, మధుబాబు, మిగతా నలుగురూ వచ్చారు. సాయంత్రానికల్లా నూట పన్నెండు చెట్లూ దింపేశారు. కొండబాబు తన ముప్పై ఒక్క చెట్లకి పద్దెనిమిది వందల అరవై లెక్కపెట్టి సాలమోనుకి చాపాడు.

సాలమోను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మా ట్రెజరర్ గారికివ్వండి."

పక్కనే నిలబడ్డ మెర్సీ తీసుకుని, రసీదు రాసిచ్చింది. మొగలిగరువు ఫుట్‌బాల్ క్లబ్బు అని పైన అచ్చేసి ఉన్న రసీదు. కొండబాబు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తన చెట్లు తాను తెచ్చుకున్నా క్లబ్బుకి డబ్బు కట్టడం తప్పలేదని ఆయనకప్పుడు అర్థమైంది.

మరుసటి ఆదివారం మీటింగు షెడ్డులో పెట్టలేదు. గ్రౌండులో, ప్రాక్టీసుకి ముందు, గడ్డి మీద కూర్చున్నారు. కుర్చీలు లేవు, అరుగు లేదు. మెర్సీ కొత్త నియమం చదివింది. చెట్టు ఉంచిన ప్రతి ఇంటికీ ఒక ఓటు. చెట్టెక్కే ప్రతి మనిషికీ ఒక ఓటు. క్లబ్బుకి పనిచేసే ప్రతి మనిషికీ ఒక ఓటు. తొమ్మిది ఇళ్లవాళ్లు, ఆరుగురు దింపువాళ్లు, ఆటగాళ్లకి వండిపెట్టే సుందరి, చొక్కాలు ఉతికి ఆరేసే వెంకటదుర్గ, గ్రౌండులో గడ్డి కోసే వీరబాబు, లెక్కలు రాసే మెర్సీ. మొత్తం పంతొమ్మిది.

కొండబాబు కూడా వచ్చాడు. వచ్చి, సున్నపు గీత అవతల నిలబడ్డాడు. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

"మరి నా ఓటు మాటేంటి?" అన్నాడు.

"చెట్టు మళ్లీ క్లబ్బుకిచ్చేయండి, ఓటొస్తుందండి" అంది మెర్సీ.

"ముప్పై ఒకటీ ఇస్తే?"

"ఒకటేనండి."

"ముప్పై ఒక్క చెట్లకి ఒక్క ఓటా?" కొండబాబు గొంతు పెరిగింది. "అంటే నాకూ మీ నాన్నకీ ఒకటేనా?"

గ్రౌండులో అందరూ మెర్సీ వైపు చూశారు. సాలమోను గడ్డి వైపు చూస్తున్నాడు. ఇలాంటి మాటలకి ఆయన ఎప్పుడూ అటే చూసేవాడు. మెర్సీకి ఆ తల దించుకోవడం మీద చెప్పలేనంత కోపం వచ్చింది. చిన్నప్పటినుంచీ ఉన్న కోపమే అది.

"ఆయ్" అంది. "ఒకటేనండి."

ఎవరైనా ఆమెను మందలిస్తారేమోనని కొండబాబు చుట్టూ చూశాడు. మహాలక్ష్మమ్మ కొంగుతో మొహం విసురుకుంటూ కూర్చుంది. ఆయన పంచె సర్దుకుని వెళ్లిపోయాడు.

మెర్సీ పుస్తకం తెరిచింది. "మొదటి విషయం. లీగుకి వెళ్లాలా, వద్దా" అని మొదలుపెట్టింది. "దింపు కూలి ఏడాదికి యాభై మూడు వేల ఏడొందల అరవై వస్తుందండి. మిగిలిన చెట్ల కాయ యాభై అయిదు వేల నాలుగొందల నలభై. లీగు ఖర్చు లక్షా ఏడు వేల మూడొందల అరవై. అన్నీ అనుకున్నట్టు జరిగితే చివరికి మన దగ్గర పద్దెనిమిది వందల నలభై మిగులుతుందండి. ఒక్క తుఫానొచ్చి కాయ రాలిపోయిందా, ఆ పద్దెనిమిది వందలూ ఉండవు. ఎవరికైనా కాలు విరిగితే ఆస్పత్రికి డబ్బుండదు. ఇదండీ సంగతి. దాచడానికి ఏం లేదు. వెళ్దామన్నవాళ్లు చెయ్యెత్తండి."

ముందు మధుబాబు చెయ్యి లేచింది. తర్వాత మహాలక్ష్మమ్మది. తర్వాత వరసగా అందరివీ. సాలమోను చెయ్యి అన్నిటికన్నా ఆలస్యంగా లేచింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఇలా చెయ్యెత్తడం ఆయనకిదే మొదటిసారి. భుజం దాకా ఎత్తి, చాలా, ఇంకా ఎత్తాలా అన్నట్టు అటూ ఇటూ చూసి, పూర్తిగా పైకెత్తాడు. మెర్సీ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల దించి పుస్తకంలో పద్దెనిమిది అని రాసింది.

"వద్దన్నవాళ్లు?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"అయితే..." అంది మెర్సీ.

"ఒక చెయ్యి ఎటూ లేవలేదండి, ట్రెజరర్ గారూ" అన్నాడు సాలమోను.

అందరూ ఆమె వైపు తిరిగారు. మెర్సీ తడబడింది. "లెక్క రాసేదాన్ని కదా నాన్నా..."

"రాసేవు గదా. ఇప్పుడు చెప్పు."

"లెక్క ప్రకారం నేను వద్దనాలి."

"అను మరి. వద్దనిపిస్తే వద్దని అను. నీకు భయపడి మేం మానేయంలే. కానీ చెప్పు. ఓటున్న మనిషివి."

ఆమె అంకెల వైపు చూసింది. పద్దెనిమిది వందల నలభై. ఎవరైనా బ్యాంకుకొచ్చి ఈ కాగితం చూపించి అప్పడిగితే తను మర్యాదగా తిప్పి పంపేసేది. లీగులో మొదటి మ్యాచ్‌కే ఓడిపోవచ్చు. వెళ్లే దారిలో బస్సు టైరు పేలినా అంతే సంగతులు. ఎటునుంచి కూడినా ఇది తప్పు పనే. ఆరేళ్లుగా తను చెబుతున్నది నిజమే. అది నిజమని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తోంది. తండ్రి చెయ్యి ఇంకా దించలేదు.

మెర్సీ పుస్తకం గడ్డి మీద పెట్టి, చెయ్యి పైకెత్తింది.

"పంతొమ్మిది" అంది. "బస్సు మాట్లాడండి."